విశాఖలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: బండ్లను సరిగ్గా పోల్చి కొనడం ఎలా

కొత్త కార్లను పోల్చడం తేలిక. రెండు బ్రోచర్లు ముందు పెట్టుకుని పవర్ ఎంత, టార్క్ ఎంత, ధర ఎంత అని చూసుకుంటే సగం పని అయిపోతుంది. ఏడెనిమిదేళ్లు తిరిగిన స్పోర్ట్స్ కారు దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఒకే ఏడాది, ఒకే మోడల్, ఒకే రంగు బండ్లు రెండు తెచ్చి నిలబెట్టినా అవి వేర్వేరు కార్లే. ఒకటి సీతమ్మధారలో షెడ్డు కింద ఉండి, ఏటా ఆయిల్ మార్చుకుని ఉంటుంది. ఇంకోటి లాసన్స్ బే కాలనీలో సముద్రానికి ఎదురుగా ఎండకీ ఉప్పుగాలికీ నిలబడి ఉంటుంది. దానికి రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం) చేయించారు, మోత వచ్చే సైలెన్సర్ పెట్టించారు, సర్వీసు మాత్రం వచ్చే నెల, వచ్చే నెల అని వాయిదా వేశారు.

అందుకే నా వరుస ఇలా ఉంటుంది: ముందు బండి కండిషన్, తర్వాత దాన్ని మన ఊళ్లో బాగుచేయగల మనిషి, ఆ తర్వాతే మోడల్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న మోడల్ ఒకటి పట్టుకుని, అది ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడికి అడ్వాన్స్ పంపేస్తారు. ఈ గైడ్ ఆ తొందరను కాస్త ఆపడానికే.

1. ముందు మీ రోడ్లు తేల్చుకోండి

వైజాగ్‌లో డ్రైవింగ్ అంటే ఇష్టమున్నవాళ్లకి రోడ్లు మూడు రకాలు. బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ మీదుగా భీమిలి వెళ్లే దారి ఒకటి. చూడ్డానికి అందంగా ఉంటుంది, మలుపులు సరదాగా ఉంటాయి. కానీ మధ్యలో ఊళ్లున్నాయి, స్పీడ్ బ్రేకర్లున్నాయి, తెల్లవారుజామునే నడిచేవాళ్లు, వల మోసుకెళ్లే మత్స్యకారులు ఉంటారు. ఈ దారిలో 100 హార్స్‌పవర్ దాటితే మిగతాది పెద్దగా వాడుకోలేరు. ఇక్కడ కావలసింది తేలికైన బండి, చేతికి కబురు చెప్పే స్టీరింగ్.

రెండోది అరకు. ఊరి నుంచి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కడ టాప్ స్పీడ్‌తో పనే లేదు. రెండో గేరు, మూడో గేరులో మలుపు బయటికి వచ్చేటప్పుడు ఇంజిన్ ఎంత త్వరగా అందుకుంటుంది, దిగేటప్పుడు బ్రేకులు ఎంతసేపు అలసిపోకుండా ఉంటాయి అన్నదే బండి విలువ తేలుస్తుంది. మూడోది నేషనల్ హైవే 16, అటు శ్రీకాకుళం వైపు, ఇటు రాజమండ్రి వైపు. పెద్ద ఇంజిన్, స్థిరమైన చాసిస్ ఉన్న బండికి ఇదే చోటు.

వీటితోపాటు నిజాయితీగా ఒప్పుకోవాల్సిన నాలుగో రోడ్డు ఒకటుంది: ఎన్‌ఏడీ, హనుమంతవాక, గాజువాక ట్రాఫిక్. ఆఫీసుకి రోజూ అదే కారు వేసుకెళ్తారా, ఇంట్లో ఇంకో బండి ఉందా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) ఆటోమేటిక్ తీసుకోవాలా, మాన్యువల్ తీసుకోవాలా అన్నది దానంతటదే తేలిపోతుంది.

2. బడ్జెట్‌లో ఐదో వంతు పక్కన పెట్టండి

చేతిలో 10 లక్షలుంటే 8 లక్షల బండి చూడండి. మిగతాది మొదటి ఏడాదికి. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, ఇన్సూరెన్స్, బదిలీ ఖర్చులు అన్నీ కలిసి ఆ డబ్బు తినేస్తాయి. ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కారు పాతబడే కొద్దీ దాని ధర తగ్గుతుంది గానీ విడిభాగాల ధర తగ్గదు. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 కొత్తగా వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధర దాదాపు 36 లక్షలు. మీరు దాన్ని సగం ధరకి కొన్నా, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) పోతే కొనాల్సింది 36 లక్షల కారు టర్బోనే.

3. చిట్టా రాయండి: ఏ బండి దేనికి

మార్కెట్లో దొరికేవన్నీ ఇక్కడ చెప్పను. మన దగ్గర డ్రైవింగ్ ఇష్టపడేవాళ్ల మాటల్లో ఎప్పుడూ వినిపించేవి మాత్రం చూద్దాం.

చిన్న బండ్లలో ముందు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 2013లో వచ్చింది. 1.2 లీటర్ టర్బో, 105 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే), 175 ఎన్‌ఎం టార్క్, 7 స్పీడ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్). హైవే మీద దాని స్థిరత్వం ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. భయమంతా గేర్‌బాక్స్ దగ్గరే. ఇందులోది డ్రై క్లచ్ డీఎస్‌జీ. అంటే రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునిగి ఉండవు, వేడి త్వరగా ఎక్కుతుంది. ట్రాఫిక్‌లో గంటల తరబడి అంగుళం అంగుళంగా పాకించిన బండి అయితే ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు వణుకు తెలుస్తుంది. గేర్లను నడిపించే మెకట్రానిక్స్ యూనిట్ పోతే ఖర్చు లక్షల్లోకి వెళ్లొచ్చు. 2020లో ఇంజిన్ మారింది: 1.0 లీటర్, 3 సిలిండర్లు, 110 పీఎస్, డీఎస్‌జీ బదులు మామూలు టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా పవర్ పంపేది) ఆటోమేటిక్. ఇదే ఇంజిన్‌తో 6 స్పీడ్ మాన్యువల్ కూడా ఉంది. రోజూ సిటీలో తిరిగేవాళ్లకి నేను ఈ తర్వాతి బండే చెబుతాను. పాతదానికున్న నాలుగు సిలిండర్ల నునుపు ఇందులో ఉండదు, ప్రశాంతత మాత్రం ఉంటుంది. పోలో తయారీ ఇక్కడ 2022లో ఆగిపోయింది కాబట్టి మంచి బండ్లకి గిరాకీ గట్టిగానే ఉంది.

ఫియట్ అబార్త్ పుంటో 2015లో వచ్చింది. 1.4 లీటర్ టీ-జెట్, 145 హార్స్‌పవర్, 212 ఎన్‌ఎం, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, హైడ్రాలిక్ స్టీరింగ్. అప్పట్లో 10 లక్షల లోపు ఎక్స్ షోరూమ్ ధరకి అంత పవర్ ఇచ్చిన బండి మరొకటి లేదు. ఘాట్ రోడ్డు మీద ఆ స్టీరింగ్ చేతికి చెప్పే కబుర్లు ఇప్పటి ఎలక్ట్రిక్ స్టీరింగులు చెప్పలేవు. కానీ ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది. మామూలు పుంటో భాగాలు ఇంకా దొరుకుతాయి, అబార్త్‌కి మాత్రమే ఉన్నవి దొరకడమే కష్టం. ఈ ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ (వాల్వులనీ పిస్టన్లనీ ఒకే తాళంలో నడిపించే పట్టీ) ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్కేసుకోండి.

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 2021 నుంచి ఉంది. 1.0 లీటర్ టర్బో, 120 పీఎస్. మిగతా రెండింటితో పోలిస్తే గుండె కొట్టుకునేలా చేయదు, అయినా సర్వీసు గురించి టెన్షన్ ఉండదు, భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. మొదటిసారి ఈ దారిలోకి వచ్చేవాళ్లకి, అదీ ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కారు అయినప్పుడు, ఇది మంచి ఎంపిక. మారుతి బలేనో ఆర్‌ఎస్, టాటా టియాగో జేటీపీ కూడా మంచి బండ్లే. తక్కువ రోజులు అమ్మారు కాబట్టి సరైనది దొరకాలంటే ఓపిక కావాలి.

పైమెట్టులో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 2017లో వచ్చినది 2.0 లీటర్ టర్బో, 230 పీఎస్, 350 ఎన్‌ఎం. 2020లో ఆర్‌ఎస్ 245 వచ్చింది, 200 బండ్లు మాత్రమే తెచ్చారు. వీటిలోని డీఎస్‌జీ వెట్ క్లచ్, అంటే క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి; పోలోలో ఉన్నదాని కంటే గట్టిది. 6 స్పీడ్ డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి. ఆ బిల్లు లేకపోతే బేరంలో అక్కడే పట్టుకోండి. ఈ ఇంజిన్లలో వాటర్ పంప్, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ దగ్గర కూలెంట్ కారడం కూడా మామూలే.

బీఎండబ్ల్యూ 330ఐ వెనక చక్రాల డ్రైవ్. ఆక్టేవియా ముందు చక్రాల డ్రైవ్. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. పవర్ దగ్గరదగ్గరగా ఉంది కదా అని రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఘాట్‌లో మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకటి ముందు నుంచి లాగుతుంది, ఇంకోటి వెనక నుంచి తోస్తుంది. ఏది నచ్చుతుందో కాగితం చెప్పలేదు, నడిపి చూడాల్సిందే. మినీ కూపర్ ఎస్ ఇంకో రకం: పొట్టి బండి, గట్టి సస్పెన్షన్, 2.0 లీటర్ ఇంజిన్‌లో 192 పీఎస్. మన రోడ్ల గుంతలకి వీటి రన్‌ఫ్లాట్ టైర్ల (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) పక్కగోడలు ఉబ్బిపోతుంటాయి. టైరు చుట్టూ చెయ్యి పెట్టి తడిమి చూడండి. పాత తరం మినీ, అంటే 1.6 టర్బో ఉన్నది, చవగ్గా వస్తుంది. టైమింగ్ చైన్ టెన్షనర్, హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్ గురించి పేరున్న మెకానిక్‌తో మాట్లాడకుండా దాని జోలికి వెళ్లొద్దు.

చిట్టాలో మూడు మోడళ్ల కంటే ఎక్కువ పెట్టుకోకండి. ప్రతి మోడల్‌కీ ఎదురుగా ఒక్క మాట రాయండి: దీన్ని వైజాగ్‌లో ఎవరు ముట్టుకుంటారు? ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఊళ్లో లేకపోతే, బయట స్కానర్ ఉన్న మెకానిక్ ఎవరు? ఇద్దరూ లేకపోతే ప్రతి పెద్ద పనికీ 350 కిలోమీటర్లు విజయవాడకో, 600 దాటి హైదరాబాద్‌కో ఫ్లాట్‌బెడ్ మీద పంపాలి. అంతకు సిద్ధపడితేనే ఆ మోడల్‌ని చిట్టాలో ఉంచండి.

4. బండి చూడ్డానికి వెళ్లే ముందే కాగితాలు

ఆర్‌సీ ఫొటో, ఇన్సూరెన్స్ కాపీ ముందే అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో వదిలేయండి. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్ ఎన్నోవాడు, ఫైనాన్స్ ఇంకా ఉందా, ఇన్సూరెన్స్ బతికే ఉందా చూడండి. పెండింగ్ చలానాలు కూడా చూడండి. స్పోర్ట్స్ కారుకి ఓవర్ స్పీడ్ చలానాలు కుప్పలుగా ఉంటే, బండిని ఎలా వాడారో అదే చెబుతుంది.

బండి బయటి రాష్ట్రానిదైతే లెక్క మారుతుంది. హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ బండ్లు ఇక్కడి కంటే చవగ్గా కనిపిస్తాయి. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి నుంచి దక్షిణాదికి చాలా వచ్చాయి. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబర్ తప్పదు. లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం తెలుసుకుని ధరలో కలిపాకే చవకో కాదో చెప్పండి. పుదుచ్చేరి నంబర్ ఉన్న ఖరీదైన కార్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం. పన్ను తప్పించుకోవడానికి అక్కడ రిజిస్టర్ చేసినవి చాలా ఉన్నాయి.

5. వరదలో మునిగిందా?

దీనికి వేరే అడుగు పెట్టడానికి కారణం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడ్డప్పుడు చెట్లు కూలి, నీళ్లు చేరి పాడైన బండ్లెన్నో. 2015 చెన్నై, 2020 హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతి వరద తర్వాతా కడిగి ఆరబెట్టిన కార్లు పక్క ఊళ్ల మార్కెట్లలోకి వస్తాయి. విజయవాడ నుంచి వైజాగ్ ఎంత దూరమని?

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. పై భాగం ఎవరైనా కడుగుతారు, లోపల చుట్టలో ఉన్న చివరి జానెడు ఎవరూ కడగరు. అక్కడ బురద చార కనిపిస్తే బండి మునిగినట్టే. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో మట్టి, హెడ్‌లైట్ లోపలి తేమ, కార్పెట్ ఎత్తితే వచ్చే ముక్కిన వాసన చూడండి. అలాంటి బండిని ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఈ కార్లలో కంట్రోల్ మాడ్యూళ్లు చాలా ఉంటాయి, వైరింగ్ కనెక్టర్లలో పచ్చ తుప్పు ఒకసారి మొదలైతే ఒకటి బాగుచేస్తే ఇంకోటి పోతుంది.

6. చల్లని ఇంజిన్ మీద స్టార్ట్ చేయించండి

ఉదయం వెళ్లండి, బండిని ముందే స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే కారణం అడగండి, ఇంకో రోజు మళ్లీ వస్తానని చెప్పండి.

స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లు చెవి అక్కడే ఉంచాలి. ఇనుప గొలుసు కదిలినట్టు గలగలమంటే టైమింగ్ చైన్ (బెల్ట్ బదులు అదే పని చేసే గొలుసు) సాగినట్టు అనుమానించాలి. వెనక ఒక మనిషిని నిలబెట్టి పొగ చూడమనండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, టర్బో సీల్ కావచ్చు, పిస్టన్ రింగులు కావచ్చు. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్ లోపలికి పోతోంది. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. సర్వీసు చేయించి మూడు నెలలే అయిందన్న బండిలో ఆయిల్ కింది గీత దగ్గరుంటే దానికి ఆయిల్ తాగే అలవాటు ఉన్నట్టే. పాత తరం స్కోడా, ఆడీ 1.8 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఈ జబ్బు బాగా తెలిసిందే.

7. లిఫ్ట్ ఎక్కించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు

ఈ గైడ్‌లో ఒక్క అడుగే పాటిస్తానంటే ఇది పాటించండి. గాజువాక ఆటోనగర్‌లో గానీ, మీకు తెలిసిన గ్యారేజీలో గానీ మాట్లాడుకుని, అమ్మేవాళ్లని అక్కడికి రమ్మనండి. ఒక గంట లిఫ్ట్ ఖర్చు మీరే పెట్టుకోండి.

సముద్రం పక్క ఊరి బండి తన కథంతా అడుగునే దాస్తుంది. పైన పాలిష్ కొడితే అద్దంలా మెరుస్తుంది. కింద బ్రేక్ పైపులు బాడీకి క్లిప్పులతో ఆనే చోట, సబ్‌ఫ్రేమ్ బోల్టుల తలల మీద, సైలెన్సర్ వేలాడే హ్యాంగర్ల దగ్గర, వీల్ ఆర్చ్ లోపలి మడతలో టార్చ్ వేసి చూడాలి. ఎర్రటి పలుచని పొర ఉంటే గుడ్డతో తుడవండి. పోతే పైపై తుప్పు, ఫరవాలేదు. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గీరితే పెచ్చులుగా లేస్తే ఇనుము తినేసింది. రుషికొండ వైపు ఉన్న ఒక కారుని ఇలా ఎక్కించినప్పుడు మెకానిక్ వెనక సస్పెన్షన్ బోల్టు మీద వేలు పెట్టి చెప్పిన మాట ఇది: "పైన షైనింగ్ చూసి పొంగిపోకండి సార్. ఈ బోల్టుకి స్పానర్ పెడితే తల రాలిపోద్ది. రేపు షాక్ అబ్జార్బర్ మార్చాలంటే కటింగ్ మిషనే." అలాంటి బండి కదలడానికి బాగానే కదులుతుంది. ప్రతి చిన్న రిపేరూ రెట్టింపు కూలీతో పెద్దదైపోతుంది.

ముందు వైపు ఏసీ కండెన్సర్ రెక్కలు చూడండి. తీరంలో ఉన్న బండ్లలో అవి పొడిపొడిగా రాలిపోతుంటాయి. అల్యూమినియం వీల్స్ మీద వార్నిష్ కింద తెల్లటి పాకుడు గీతలు కూడా ఉప్పు పనే. పోర్టు, స్టీల్ ప్లాంట్ వైపు పెరిగిన బండి పెయింట్ మీద అరచేయి ఆనిస్తే గరుకుగా తగులుతుంది. దుమ్ములోని ఇనుప రేణువులు పెయింట్‌లో దిగిపోతాయి. క్లే బార్‌తో (పెయింట్ మీద రుద్ది మురికి లాగే మెత్తని ముద్ద) చాలావరకు పోతుంది కాబట్టి దానికోసం బండి వదులుకోనక్కర్లేదు.

బ్రేక్ డిస్కుల మీద రాత్రికి రాత్రే పట్టే తుప్పు మన ఊళ్లో మామూలు, నాలుగుసార్లు బ్రేకు నొక్కితే పోతుంది. అంచున వేలికి తగిలే గట్టు ఉంటే డిస్క్ అరిగింది. కనీస మందం డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచే భాగం) వెళ్లే పైపుల కీళ్ల దగ్గర కాస్త ఆయిల్ తడి ఉండటం సహజం, కారుతుంటే కాదు. టైరు మీద నాలుగంకెల కోడ్ చదవండి: 3219 అంటే 2019లో 32వ వారం. నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే ఆ ఓనర్ మిగతా చోట్ల కూడా అలాగే సరిపెట్టుకున్నాడనుకోవచ్చు.

పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే తప్పక వాడండి. కంపెనీ పెయింట్ మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. డోర్ మీద 250 వస్తే గీత పడి రీపెయింట్ చేసి ఉండొచ్చు. పైకప్పు మీదా, పిల్లర్ల మీదా అలా వస్తే గట్టి దెబ్బ తిన్న బండి.

8. స్కానర్ పెట్టండి, మీటరు అబద్ధం పట్టుకోండి

ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) ఫాల్ట్ కోడ్లు చదివించడం అందరికీ తెలుసు. కోడ్లేమీ లేవని సంతోషపడకుండా రెడీనెస్ మానిటర్లు (కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయా అని కూడా చూడమనండి. పూర్తి కాలేదంటే మీరు రాకముందే ఎవరో కోడ్లు చెరిపేశారు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీల్లో వాటికి తగ్గ స్కానర్ పెడితే చాలా మోడళ్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ మాడ్యూళ్లలో దాగిన కిలోమీటర్లు కూడా కనిపిస్తాయి. డ్యాష్‌బోర్డు 58,000 అంటుంటే గేర్‌బాక్స్ 1,10,000 అంటే, ఇక మాట్లాడేదేం లేదు.

రీమ్యాప్ చేశారా అని సూటిగా అడగండి. చేయించడం నేరమేమీ కాదు అన్నట్టు మామూలు గొంతుతో అడిగితే చాలామంది నిజమే చెబుతారు. ఎక్కడ చేయించారు, ఎన్ని వేల కిలోమీటర్లు అలా నడిచింది, క్లచ్ మార్చారా, పాత ఫైల్ ఉందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడాన్ని మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. మోత సైలెన్సర్ ఉంటే, అసలు సైలెన్సర్ కూడా కలిపి ఇవ్వమనండి.

9. ఒకే దారి, ఒకే రోజు: అసలు పోలిక ఇదే

ఇక్కడిదాకా నెగ్గిన బండ్లు రెండో మూడో మిగులుతాయి. ఒకదాన్ని ఈ ఆదివారం ఖాళీ హైవే మీద, ఇంకోదాన్ని వచ్చే శుక్రవారం సాయంత్రం జగదాంబ ట్రాఫిక్‌లో నడిపితే పోలిక రోడ్లకి జరుగుతుంది, బండ్లకి కాదు. వీలైతే ఒకే ఉదయం, ఒకే దారి పెట్టుకోండి. నాకు నచ్చిన దారి ఇది: ఎంవీపీ కాలనీ వీధుల్లో మొదలుపెట్టి, హనుమంతవాక జంక్షన్ సిగ్నల్స్ దాటి, ఎండాడ ఎత్తు మీదుగా హైవే పట్టుకుని మధురవాడ, ఆనందపురం. అక్కడి నుంచి భీమిలికి దిగి, బీచ్ రోడ్డులో వెనక్కి. ఎత్తు, హైవే, గుంతలు, మలుపులు, ట్రాఫిక్ అన్నీ ఒక్క చుట్టులో దొరుకుతాయి.

బయల్దేరే ముందు పెట్రోల్ బంకులో అన్ని బండ్ల టైర్లకూ కంపెనీ చెప్పిన గాలి పట్టించండి. 26 పీఎస్‌ఐ ఉన్న బండి మెత్తగా, 38 ఉన్నది గట్టిగా అనిపిస్తే అది సస్పెన్షన్ తేడా కాదు. సీటు, స్టీరింగ్ మీ ఒంటికి సరిచేసుకునేదాకా కదలొద్దు. మొదటి పది నిమిషాలు పాట వద్దు, మాట వద్దు.

సిగ్నళ్ల దగ్గర: ఆటోమేటిక్ అయితే బ్రేకు వదిలి మెల్లగా పాకనివ్వండి. వణుకు, దూకుడు ఉన్నాయా? మాన్యువల్ అయితే క్లచ్ ఎక్కడ పట్టుకుంటోంది? ఎండాడ ఎత్తులో: మూడో గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా నొక్కండి. టర్బో ఎక్కడ మేల్కొంటుందో నడుము చెబుతుంది. స్పీడ్ కంటే ఆర్‌పీఎం ఎగబాకితే క్లచ్ జారుతోంది. హైవేలో లిమిట్ లోపలే నడిపి, ఖాళీ చోట చేతుల పట్టు సడలించి చూడండి, పక్కకి లాగుతోందా అని. అక్కడే, వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా ఒక బ్రేకు వేసి స్టీరింగ్ వణుకుతోందా గమనించండి. బీచ్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు తగులుతోందా, టక్ మని చప్పుడు వస్తోందా చూడండి. మలుపుల్లో మాత్రం స్పీడ్ కోసం నడపకండి. స్టీరింగ్ తిప్పిన ఎంతసేపటికి ముక్కు తిరిగింది, తిరిగాక దారి మీద నిలబడిందా, మీరు మళ్లీ మళ్లీ సరిచేయాల్సి వచ్చిందా, ఇవే ముఖ్యం. రోడ్డు మీద చూడగలిగింది ఇంతవరకే. బండి అంచులు చూడాలంటే చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూర్ కారి స్పీడ్‌వే ఉన్నాయి. వాటిలో ట్రాక్ డేలు జరిగినప్పుడు వెళ్లండి.

ఇక నడిపే వరుస. 230 పీఎస్ బండి దిగి 105 పీఎస్ బండి ఎక్కితే, ఆ రెండోది ఎంత మంచిదైనా చప్పగా అనిపిస్తుంది. అందుకే నెమ్మది బండి ముందు, వేగమైనది తర్వాత. కుదిరితే చివర్లో మొదటిదాన్ని మళ్లీ కాసేపు నడపండి. దిగిన వెంటనే, అమ్మేవాళ్లతో మాట్లాడకముందే, ఫోన్‌లో రాసుకోండి. మార్కులు వేయకండి, మాటలు రాయండి: "మూడో గేరు కష్టంగా పడుతోంది", "ఎడమ పిల్లర్ అడ్డొస్తోంది", "గంట తర్వాత కూడా నడుము హాయిగా ఉంది". రెండు రోజులాగి చదివితే ఏ బండి గురించి రాస్తున్నప్పుడు మీకు ఉత్సాహం వచ్చిందో ఆ మాటల్లోనే కనిపిస్తుంది. పక్క సీట్లో ఇంట్లోవాళ్లని కూడా ఒకసారి కూర్చోబెట్టండి. రోజూ ఆ సీటులో కూర్చోవాల్సింది వాళ్లే.

10. బేరం, బదిలీ

మెకానిక్ రాసిచ్చిన పనుల చిట్టా, ఒక్కోదాని ఖర్చుతో సహా ముందు పెట్టి మాట్లాడండి. "కొంచెం తగ్గించండి" అన్నదానికంటే "నాలుగు టైర్లు, ముందు డిస్కులు, ఏసీ కండెన్సర్" అన్నది బాగా పనిచేస్తుంది. బాగా చూసుకున్న బండికి మార్కెట్ కంటే కాస్త ఎక్కువ అడిగితే మాత్రం మరీ గీసి బేరమాడకండి. ఫైలునిండా బిల్లులున్న ఓనర్లు అరుదు.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఓనర్ పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఆ అప్పు ఎంట్రీ తీసేయించే ఫారం 35, రెండు తాళాలు, సర్వీస్ బుక్కు తీసుకోండి. తేదీతోపాటు గంట కూడా రాసిన డెలివరీ నోట్ తీసుకోండి. ఆ సాయంత్రమే కెమెరాకి చిక్కితే ఎవరి చలానా అన్నది దాంతో తేలుతుంది. 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని కంపెనీకి రాయండి. నో క్లెయిమ్ బోనస్ ఓనర్‌ది, బండితో రాదు. కాబట్టి ప్రీమియం తేడా కట్టాల్సి వస్తుంది. వర్షాకాలానికి ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఉపయోగపడే కవర్) ఉండేలా చూసుకోండి. పాత ఓనర్ ఫాస్టాగ్ మూయించి, మీ పేరు మీద కొత్తది తీసుకోండి.

11. మొదటి 5,000 కిలోమీటర్లు

ఎవరేం చెప్పినా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ కొనగానే మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీలుస్తుంది. మన ఊరి గాలిలో తేమకి కొదవ లేదు కాబట్టి రెండేళ్లకోసారి తప్పదు, అరకు దిగేవాళ్లకి మరీ. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. ఐడిల్‌లో తడబాటు ఉంటే శుభ్రం చేయించండి. 2023 ఏప్రిల్ కంటే ముందు తయారైన చాలా బండ్లు ఈ20 పెట్రోల్‌ని (20 శాతం ఇథనాల్ కలిపినది) దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి ఫ్యూయల్ గొట్టాలు, సీళ్లు సర్వీసులో చూడమనండి. ట్యాంకు అడుగంటించి నెలల తరబడి నిలిపేయకండి.

ఈ 5,000 కిలోమీటర్లలో రీమ్యాప్ గానీ, స్ప్రింగులు మార్చడం గానీ వద్దు. కంపెనీ ఇచ్చినట్టుగా ఆ బండి ఎలా ఉంటుందో ముందు మీకు తెలియాలి. సముద్రం ఒడ్డునే ఇల్లయితే నెలకోసారి అండర్‌బాడీ మంచినీళ్లతో కడిగించండి. భీమిలి డ్రైవ్ నుంచి వచ్చాక వీల్ ఆర్చ్‌ల లోపల పైపుతో కొడితే చాలు. ప్లాస్టిక్ కవర్ కప్పొద్దు, లోపల చెమ్మ పట్టి తుప్పుని ఇంకా పెంచుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు వాడండి. వర్షాకాలం మొదలవకముందే ఇంకోసారి లిఫ్ట్ ఎక్కించి, కొన్నప్పుడు తీసిన అడుగు ఫొటోలు పక్కన పెట్టుకుని అవే బోల్టులు, అవే పైపులు చూడండి. ఎక్కడైనా తుప్పు పెరిగినట్టు కనిపిస్తే అక్కడ శుభ్రం చేయించి, యాంటీ రస్ట్ కోటింగ్ వేయించి, బిల్లు ఫైల్లో పెట్టండి.